ఊలు డూవే కొనాలి: ఆయనకి ఉక్క, నాకు చలి. ఎంత బరువుది తీసుకోవాలి?

గోదారిగట్టు, లీడ్స్

అందరికీ నమస్కారం. చలి ముదరకముందే మా డూవే (లోపల మెత్తగా కూరి కుట్టిన, కప్పుకునే బొంత) సంగతి తేల్చుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మాది పాత టెర్రస్ ఇల్లు, అంటే వరసగా గోడలు కలిసి ఉన్న ఇళ్ళలో ఒకటి. గోడలకి ఇన్సులేషన్ లేదు. రాత్రి పదిన్నరకి హీటింగ్ ఆపేస్తాం, తెల్లారేసరికి పడగ్గది 15 డిగ్రీలకి దిగిపోతుంది. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతుంటాయి.

ఇప్పుడు వాడుతున్నది 13.5 టాగ్ (వెచ్చదనం కొలత, అంకె పెరిగితే వెచ్చదనం పెరుగుతుంది) పాలిస్టర్ డూవే, కింగ్ సైజుది. పడుకున్న గంట దాకా నాకు కాళ్ళు వేడెక్కవు. మా ఆయనకి అర్ధరాత్రి దాటితే చాలు ఒళ్ళంతా చెమట. ఆయన తన్నేస్తే అది నా మీంచి కూడా జారిపోతుంది. ఇద్దరికీ నిద్ర పాడు.

ఆఫీసులో ఒకావిడ ఊలుది వాడి చూడమంది. షాపుకి వెళ్తే ఏ ఒక్కదాని మీదా టాగ్ నంబరు లేదు. ఒకదాని మీద లైట్, మీడియం, వింటర్ అని ఉంది, ఇంకోదాని మీద జీఎస్‌ఎం, మరోదాని మీద కిలోలు. ధర 90 పౌండ్ల నుంచి 350 దాకా. తేడా ఎక్కడుందో అర్థం కాలేదు. మేం 250 దాకా పెట్టగలం.

ఇంకో రెండు విషయాలు. మా అత్తగారు డిసెంబరులో రాజమండ్రి నుంచి వస్తున్నారు. పక్షి ఈకలు కూరిన పరుపులూ దిండ్లూ ఆవిడ వాడరు. పాపకి ఎనిమిదో నెల, మా గదిలోనే కాట్‌లో (పిల్లల చిన్న మంచం) పడుకుంటుంది. దానికీ ఊలుదే కొంటే మంచిదా?

కొండవీటి, బ్రిస్టల్

13.5 ఎక్కువండీ. 10.5 తీసుకోండి, మీ వైపు మాత్రం పైన ఒక బ్లాంకెట్ వేసుకోండి. ముప్పై నలభై పౌండ్లలో పనైపోతుంది, మెషీన్‌లో వేసి ఉతుక్కోవచ్చు కూడా. ఊలు కోసం అంత డబ్బు పెట్టాలంటే గట్టి కారణం కావాలి.

ఉన్నిదారం, ఎడిన్‌బరా

13.5 ఆయనకి ఎక్కువేనన్నమాట నిజం. కానీ టాగ్ తగ్గిస్తే మీ ఇద్దరి ఇబ్బందీ తీరుతుందని నేననుకోను. మీరు రాసినదాంట్లో వేడి కన్నా చెమ్మ పాత్రే ఎక్కువ కనిపిస్తోంది. బట్టల నాణ్యత పరీక్షించే ల్యాబులో పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

టాగ్ అనేది 1940లలో మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తెచ్చిన కొలత. పొడిగా ఉన్న బట్ట వేడిని ఎంతవరకు ఆపుతుందో అది చెబుతుంది. ఆ పని బాగానే చేస్తుంది. ఊలుకి టాగ్ కొలవలేమని కాదు, కొలవచ్చు. కాకపోతే ఆ పరీక్షలో వాడే వేడి పలకకి చెమట పట్టదు, మీ ఆయనకి పడుతుంది. ఊలు అమ్మేవాళ్ళు టాగ్ వేయకపోవడానికి చెప్పే కారణం ఇదే, అందులో న్యాయం ఉంది.

నిద్రలో మన ఒంట్లోంచి ఆవిరి పోతూనే ఉంటుంది, చెమట పట్టినా పట్టకపోయినా. ఆ ఆవిరి ఎటు పోతుందన్నదే అసలు ప్రశ్న. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు ఊలు తన బరువులో దాదాపు 16 శాతం నీటిని పట్టుకుని ఉంటుంది. పత్తి 7, 8 శాతం. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. తేమ ఇంకా పెరిగితే ఊలు తన బరువులో మూడో వంతు దాకా తాగినా చేతికి తడిగా తగలదు, ఎందుకంటే ఆ నీరు పోగు లోపలికి వెళ్తుంది, పైపైన నిలవదు. పాలిస్టర్ కింద పడుకున్నప్పుడు ఒంటికీ డూవేకీ మధ్యనున్న గాలి చెమ్మెక్కిపోతుంది. చెమట ఆరదు, ఉక్కపోస్తుంది. అప్పుడు తన్నేస్తాం. తన్నేయగానే ఆ చెమటంతా ఒక్కసారి ఆరి చలి పుడుతుంది. మళ్ళీ లాక్కుంటాం. మీ ఇంట్లో రాత్రంతా జరుగుతున్నది ఇదే అయ్యుంటుంది.

ఊలు ఆవిరిని పీల్చేటప్పుడు కాస్త వేడి కూడా విడుస్తుంది. ఇది నిజమే గానీ, ప్రకటనల్లో దీన్ని మరీ పెద్దది చేసి చూపిస్తారు. ఆ వేడి కొద్దిపాటిది, కొంతసేపే ఉంటుంది. మీ కాళ్ళ చలికి అదే మందని నమ్మి కొనకండి. ఆవిరిని పట్టి ఉంచడం, పగలు గాలికి వదిలేయడం, దీనికోసం కొనండి.

కొండవీటి, బ్రిస్టల్

వివరంగా రాశారు, థాంక్సండీ. పీల్చే గుణం సరే. దానివల్ల మనిషికి నిద్ర బాగా పడుతుందని ఎవరైనా చూపించారా?

ఉన్నిదారం, ఎడిన్‌బరా

అడగాల్సిన ప్రశ్నే. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ఒక అధ్యయనం వేశారు. గది 17 డిగ్రీల్లో ఉన్నప్పుడు నూలు బట్టలు వేసుకుని పడుకున్నవాళ్ళ కన్నా ఊలు బట్టలు వేసుకున్నవాళ్ళకి నిద్ర తొందరగా పట్టింది. పాల్గొన్నది కొద్దిమందే. పైగా ఆ తేడా వచ్చింది ఒంటి మీద వేసుకున్న బట్టలతో. కాబట్టి దాన్ని డూవేలకి రుజువుగా చూపిస్తూ ఎవరైనా అమ్మితే అంతవరకు నమ్మక్కర్లేదు. నేను ఊలు మంచిదనేది పోగు గుణం చూసి, చెమటలు పట్టే మనుషుల విషయంలో. రాత్రంతా పొడిగా హాయిగా పడుకునేవాళ్ళకి పాలిస్టర్ మార్చాల్సిన పనే లేదు.

నల్లమల, మ్యూనిక్

అసలు ఇద్దరికీ ఒకటే డూవే ఎందుకండీ? ఇక్కడ జర్మనీలో మంచం ఒకటే అయినా ఎవరి డూవే వాళ్ళది. 135 సెంటీమీటర్ల వెడల్పు, 200 పొడవు మామూలు సైజు. పొడుగు మనుషులకి 155 ఇంటూ 220 దొరుకుతుంది. వచ్చిన కొత్తలో మాకూ వింతగానే ఉండేది, ఇప్పుడు ఇంకోలా పడుకోలేం. ఒకరు తన్నేస్తే ఇంకొకరికి తెలియను కూడా తెలియదు. మీ ఆయనకి పలచటిది, మీకు మందపాటిది తీసుకోండి. ఊలా పాలిస్టరా అన్నది ఆ తర్వాతి మాట.

ఊలే తీసుకుంటే, ఇక్కడి లేబుళ్ళ మీద 'షుర్‌వోలె' అని ఉందో లేదో చూస్తాం. బతికున్న గొర్రె నుంచి కత్తిరించిన కొత్త ఊలు అని దానర్థం. ఉత్తి 'వోలె' అని ఉంటే పాత స్వెటర్లు చీల్చి తీసిన ఊలు కూడా కలిసి ఉండొచ్చు. ఆ పోగులు పొట్టిగా ఉంటాయి, తొందరగా ఉండలు కడతాయి. మీ దగ్గర 'ప్యూర్ న్యూ ఊల్' అని వెతకండి.

గోదారిగట్టు, లీడ్స్

రెండు విడివిడిగా కొనొచ్చన్న ఆలోచనే రాలేదు నల్లమల గారూ! ఆయనకి చెప్తే వెంటనే సరేనన్నారు.

ఉన్నిదారం గారూ, ఇప్పుడు బరువు సంగతి చెప్పండి. ఒకతను 400 జీఎస్‌ఎం అంటాడు, ఇంకొకతను 2 కిలోలు అంటాడు. పోల్చడం ఎలా?

ఉన్నిదారం, ఎడిన్‌బరా

జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల ఊలు అని. డూవే పొడవు వెడల్పులు మీటర్లలో గుణించి, దాన్ని జీఎస్‌ఎంతో గుణిస్తే మొత్తం ఊలు బరువు వస్తుంది. బ్రిటన్ కింగ్ సైజు 2.25 ఇంటూ 2.20, అంటే 4.95 చదరపు మీటర్లు. 400 జీఎస్‌ఎం అయితే 1.98 కిలోలు. కాబట్టి మీరు చూసిన ఆ రెండూ కింగ్ సైజువే అయితే ఒకటే సరుకు.

సింగిల్ 1.35 ఇంటూ 2.00, అంటే 2.7 చదరపు మీటర్లు. 300 అయితే 810 గ్రాములు, 500 అయితే 1.35 కిలోలు. ఇక్కడ ఒక జాగ్రత్త: కొందరు పైబట్ట బరువు కూడా కలిపి చెబుతారు. 'ఫిల్లింగ్ వెయిట్' ఎంతని విడిగా అడగండి.

మామూలుగా 200 నుంచి 250 వేసవికి, 300 నుంచి 400 మధ్యరకం, 500 ఆపైన చలికాలానికి. మీ 15 డిగ్రీల గదిలో మీ ఆయనకి 300, మీకు 500 చెబుతాను నేను. ఆయనకి 400 తీసుకోమని షాపులో అంటారు, ఒప్పుకోకండి. ఉక్కపోసే మనిషికి చాలదనిపిస్తే పైన ఇంకొకటి కప్పుకోవచ్చు. ఎక్కువైందనుకోండి, తన్నేయడం తప్ప దారి లేదు.

ఇక 90కీ 350కీ తేడా ఎక్కడంటే, మూడు చోట్ల.

మొదటిది ఊలు జాతి. మెరీనో అనగానే ధర ఎక్కేస్తుంది. ఒంటికి తగిలే బట్టకైతే మెరీనో సన్నదనం కావాలి, డూవే లోపల ఉండేదానికి ఆ అవసరం లేదు. లోపలి ఊలుకి కావలసింది వంకులు. పోగు ఎంత మెలికలు తిరిగి ఉంటే అంత గాలిని పట్టి ఉంచుతుంది, నొక్కి వదిలితే తిరిగి లేస్తుంది. ఇక్కడి సౌత్‌డౌన్, డార్సెట్ లాంటి జాతుల ఊలుకి ఆ స్ప్రింగు గుణం బాగా ఉంటుంది. మెరీనో పేరుకి అదనంగా కట్టొద్దు.

రెండోది పైబట్ట. నూలుదై ఉండాలి, నేత బిగువుగా ఉండాలి. నేత వదులైతే ఊలు పోగులు ఒక్కొక్కటే బయటికి పొడుచుకొస్తాయి. షాపులో ఉన్న శాంపిల్ డూవే మూల పట్టుకుని బట్టని రెండు వేళ్ళ మధ్య కాసేపు నలపండి. తర్వాత దాన్ని వెలుతురుకి అడ్డంగా, కంటికి సమంగా పట్టుకుని బట్ట అంచు వెంట చూడండి. సన్నటి నూగు నిలబడి కనిపిస్తే అది వద్దు. పదిమంది చేతులు పడ్డ శాంపిల్ మీద ఈ పరీక్ష ఇంకా బాగా తేలుతుంది.

మూడోది కుట్టు. కుట్టు పడినచోట ఊలు నలిగి పలచబడుతుంది, అక్కడ చలి తగులుతుంది. చిన్న చిన్న గళ్ళు కుట్టినది అందంగా ఉంటుంది గానీ వెచ్చదనం తగ్గుతుంది. మరీ దూరంగా కుడితే కొన్నాళ్ళకి ఊలు జారి ఒక మూలకి చేరుతుంది. జానెడుకి కాస్త పైన ఎడం ఉంటే సరిపోతుంది.

ఇంకొకటి. ఊలు డూవే పొంగి ఉండదు. పెట్టెలోంచి తీయగానే ఇంత పలచగా ఉందేమిటని అనిపిస్తుంది. అది ఒంటిని అంటుకుని పడుతుంది కాబట్టి పక్కలనుంచి చలిగాలి దూరదు. ఎత్తు చూసి వెచ్చదనం అంచనా వేయకండి.

పెన్నాతీరం, న్యూజెర్సీ

ఇక్కడ కంఫర్టర్ అంటాం, వస్తువు అదే. మా ఇంట్లో ఊలువి వాడుతున్నాం, మేలు నాకు తెలుసు. కానీ ఉతుకు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నా.

ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడినీళ్ళు, రాపిడి తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని మొత్తం గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టాక విప్పడం ఎవరి వల్లా కాదు. మెషీన్‌లో వేయొచ్చని లేబుల్ మీద రాసినవి ఉంటాయి, వాటి పోగులకి ముందే రసాయన పూత పూసి ఆ పొలుసుల్ని అణిచేస్తారు. అలాంటిదైనా ఊలు ప్రోగ్రామ్‌లో 30 డిగ్రీలు దాటనివ్వకండి. సబ్బు సంగతి మరీ ముఖ్యం. బట్టల మీది పప్పు మరకలూ పెరుగు మరకలూ పోవాలని డిటర్జెంట్లలో ఎంజైములు కలుపుతారు. ఆ ఎంజైములు ప్రొటీన్‌ని తినేస్తాయి. ఊలూ ప్రొటీనే. అందుకని ఎంజైములు లేని, ఊలు కోసమే చేసిన ద్రవం వాడాలి. మీ బ్రిటన్‌లో 'బయో' అని రాసి ఉన్నవి దగ్గరికి కూడా రానివ్వకండి.

అసలు ఎంత తక్కువ ఉతికితే అంత మంచిది. పైన కవర్ ఎలాగూ ఉంటుంది, దాన్ని వారం వారం ఉతుక్కోండి. డూవేని మాత్రం పొడిగా గాలి వీచే రోజు చూసి ఆరేయండి. ఎండే ఉండాలని లేదు. పొద్దున లేవగానే మంచం సర్దేయకుండా దాన్ని కాళ్ళ వైపు మడిచి ఓ గంట వదిలేస్తే రాత్రి పీల్చిన తేమంతా పోతుంది.

కొత్తలో గొర్రె వాసన వస్తుంది. కొద్ది రోజులు గాలి తగిలితే తగ్గుతుంది. తగ్గకుండా ఘాటుగా ఉంటే ఊలు సరిగా కడగలేదని అర్థం, తిప్పి పంపేయండి.

లేబుల్ చదవడం మానకండి. ఆన్‌లైన్‌లో ఒక దుకాణం దగ్గర పెద్దక్షరాల్లో ఊల్ కంఫర్టర్ అని చూసి తెప్పించాం. తీరా కుట్టు లోపలున్న చిన్న పట్టీ మీద 20 శాతం ఊలు, 80 శాతం పాలిస్టర్ అని ఉంది. అనుమానం ఉంటే కుట్టు దగ్గర బయటికొచ్చిన పోగు ఒకటి లాగి, సింకు పైన పట్టుకుని అంటించండి. ఊలైతే వెంట్రుక కాలిన వాసనొచ్చి, నలిపితే పొడైపోయే బూడిద మిగులుతుంది. మంట తీసేస్తే తనే ఆరిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది.

వేపచెట్టు, హైదరాబాద్

మాకు మార్చి నుంచి రాత్రుళ్ళు ఏసీ. 24లో పెడితే తెల్లవారుజామున చలి, 26లో పెడితే ఉక్క. ఇక్కడ కూడా ఊలుది పనికొస్తుందా?

ఉన్నిదారం, ఎడిన్‌బరా

200 జీఎస్‌ఎం అయితే పనికొస్తుంది. కానీ మీకు నేను కొనమని చెప్పను. 26లో పెట్టుకుని ఫ్యాన్ తిప్పుకుని పాత నూలు చీరల బొంత కప్పుకోండి, చాలు. పైగా మీకు వానాకాలంలో పురుగు బెడద ఎక్కువ.

మంజీర, సంగారెడ్డి

ఊలు గురించి ఇంత మాట్లాడుతున్నరు, మన గొంగడి పేరు ఒక్కరు కూడ తియ్యలే. మా నారాయణఖేడ్ దిక్కు కురుమోళ్ళు దక్కని గొర్రెల ఉన్ని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తరు. దాన్ని వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడ్తరు. ఆ గంజితోటి గొంగడి బిర్రుగ అయితది, వాన నీళ్ళు జప్పున లోపలికి దిగయ్. గొర్లకాపరి దాన్నే నెత్తిమీదకెళ్ళి కప్పుకొని వానల నిలబడ్తడు, రాత్రికి దాన్నే భూమి మీద పరుచుకొని పండుకుంటడు. కింది చెమ్మ ఒంటికి తగలది. మీరు రాసిన చెమ్మ పీల్చే ముచ్చట మా తాతలకు ఎరుకే.

వేపచెట్టు గారూ, ఏసీ గదిల కింద పరుచుకోవడానికి గొంగడి తీసుకోండి. కప్పుకోవాలంటే మాత్రం కుచ్చుకుంటది, నడుమ నూలు దుప్పటి ఉండాలె. ఇప్పుడు నేసేటోళ్ళు శాన తక్కువైండ్రు. మాంసం ఎక్కువొస్తదని ఉన్ని లేని గొర్లను పెంచుతున్నరు.

పెన్నాతీరం, న్యూజెర్సీ

మంజీర గారూ, ఆ ఉన్ని లేని గొర్రె మా నెల్లూరు జాతే. దాని ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకలే, కత్తిరించడానికి ఏమీ రాదు. మాంసానికి దాన్ని మించింది లేదు, రైతు దాన్ని పెంచుకోవడంలో తప్పు లేదు. కానీ దక్కని గొర్రె పోతే గొంగడి కూడా పోతుందన్నది బాధాకరం. చిన్నప్పుడు అమరావతి వైపు చుట్టాలింట్లో నల్ల గొంగడి మీద పడుకున్నాను. గరుకుగా ఉన్నా దాని కింద నేల చల్లదనం తెలిసేదే కాదు.

ఉన్నిదారం, ఎడిన్‌బరా

మంజీర గారు మంచి మాట ఎత్తారు. ఇక్కడి రైతుదీ అదే కథ. బ్రిటన్‌లో ఊలు సేకరించి వేలం వేసే బోర్డు 1950లో పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. అయినా చాలా ఫారాల్లో గొర్రెకి కత్తెర వేయించిన కూలి కూడా ఊలు మీద గిట్టడం లేదు. అందుకే బ్రిటిష్ ఊలు అని రాసినవి కొనమని అడిగినవాళ్ళందరికీ చెబుతుంటాను. కుచ్చుకోవడం గురించి ఎవరూ భయపడక్కర్లేదు. పోగు మందం 30 మైక్రాన్లు దాటితే చర్మానికి గుచ్చుకుంటుంది, అంతే తప్ప అది అలర్జీ కాదు. డూవేలో ఊలు బట్ట లోపలే ఉంటుంది.

తులసికోట, బర్మింగ్‌హామ్

ఆలస్యంగా చూశాను. నేను ఇక్కడ జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని. గోదారిగట్టు గారూ, అన్నిటికన్నా ముందు పాప సంగతి.

ఏడాది నిండేదాకా పాపకి ఏ డూవే వద్దు. ఊలుదైనా, ఎంత పలచటిదైనా సరే. దిండు కూడా వద్దు. ముఖం మీదకి జారితే తోసేసుకోలేదు, ఒళ్ళు వేడెక్కిపోయినా చెప్పలేదు. నిద్రలో పసిపిల్లల ఆకస్మిక మరణాల మీద పనిచేసే లల్లబై ట్రస్ట్ చెప్పేదీ ఇదే. గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచమంటారు, మీది తెల్లారేసరికి 15 అంటున్నారు కాబట్టి ఆ గదిలో హీటింగ్ పూర్తిగా ఆపకండి, తక్కువలో పెట్టండి. పాపకి మెడ దగ్గరా చేతుల దగ్గరా సరిగ్గా పట్టే బేబీ స్లీపింగ్ బ్యాగ్ 2.5 టాగ్‌ది వేయండి. వెచ్చగా ఉందా లేదా అన్నది చేతులు పట్టుకుని చూడకండి, పిల్లల చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనకో ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే ఒక పొర తీసేయాలి. పాపని మీ మంచం మీద మీ డూవే కింద మాత్రం పడుకోబెట్టుకోవద్దు. అత్తగారు వచ్చాక దగ్గర పడుకోబెట్టుకుంటానంటారు, ఆవిడకి కూడా ముందే నచ్చజెప్పండి.

రెండోది, కలరా ఉండలు. ఊలు అనగానే మన ఇళ్ళలో పురుగు పట్టకుండా నాఫ్తలీన్ ఉండలు వేస్తాం. పాప ఉన్న ఇంట్లో అవి వద్దే వద్దు. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న పిల్లలకి ఆ ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగినా, కప్పినా రక్తకణాలు చితికి కామెర్లు రావొచ్చు. ఆ లోపం మనవాళ్ళలోనూ ఉంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. అత్తగారు రాజమండ్రి నుంచి శాలువాలు, స్వెటర్లు ఉండలతో సహా సర్దుకొస్తే ముందు వాటిని బయట గాలికి ఆరేసి, ఉతికాకే వాడండి.

మూడోది మీ కాళ్ళు. డూవే వేడి పుట్టించదు, ఉన్నదాన్ని ఆపుతుంది. చల్లబడ్డ కాళ్ళతో పక్క ఎక్కితే ఎంత ఖరీదైన డూవే అయినా గంట పడుతుంది. కాళ్ళు వెచ్చగా ఉంటే నిద్ర తొందరగా పడుతుందని 1999లోనే బాసెల్ పరిశోధకులు చూపించారు. పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకోండి, తుడుచుకుని మేజోళ్ళు వేసుకోండి. కాన్పయ్యాక రక్తపరీక్ష చేయించుకోకపోతే ఒకసారి ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి. మీ ఆయనకి రాత్రి చెమటలు బట్టలు మార్చుకోవాల్సినంతగా పడుతుంటే, డూవే మార్చాక కూడా తగ్గకపోతే, ఆయన కూడా ఒకసారి డాక్టర్‌ని కలవాలి.

కొండవీటి, బ్రిస్టల్

డాక్టరుగారూ, మా అబ్బాయికి ఆస్తమా, డస్ట్ మైట్ (పక్కల్లో చేరే, కంటికి కనిపించనంత చిన్న పురుగు) అలర్జీ. ఊలులో మైట్లు ఉండవని చాలా సైట్లలో చూశాను. వాడికి కొనొచ్చా?

తులసికోట, బర్మింగ్‌హామ్

ఆ మాట మీద ఆధారపడి కొనకండి. మైట్లకి చెమ్మ కావాలి, పొడిగా ఉంటే పెరగలేవు. ఊలు పక్క పొడిగా ఉంటుంది కాబట్టి కొంత మేలు ఉండొచ్చు. కానీ మైట్లు చావాలంటే 60 డిగ్రీల ఉతుకు కావాలి, ఊలుకి అది కుదరదు. మీ అబ్బాయికి 60లో ఉతకగలిగే పాలిస్టర్ డూవేనే మంచిది. పైన మైట్లు దూరని బిగువు నేత కవర్ వేయండి.

వేపచెట్టు, హైదరాబాద్

ఈకలు వద్దన్న అత్తగారి మాట చదివాక ఒకటి అడగాలనిపించింది. ఊలు కోసం గొర్రెని చంపరు, నిజమే. కానీ ఆస్ట్రేలియాలో మెరీనో గొర్రెలకి తోక దగ్గర చర్మం కోసేస్తారని విన్నాను.

ఉన్నిదారం, ఎడిన్‌బరా

కోస్తారు, మ్యూల్సింగ్ అంటారు. అక్కడి మడతల్లో ఈగలు గుడ్లు పెట్టి, పురుగులు గొర్రెని బతికుండగానే తినేస్తాయి. అది రాకుండా చేసే పని, కానీ గొర్రెకి నరకం. న్యూజిలాండ్ 2018లో నిషేధించింది. బ్రిటన్‌లో ఆ పద్ధతే లేదు. ఆస్ట్రేలియా మెరీనో అని ఉంటే 'రెస్పాన్సిబుల్ ఊల్ స్టాండర్డ్' ముద్ర ఉందేమో చూడండి, అందులో మ్యూల్సింగ్‌కి చోటు లేదు.

గోదారిగట్టు, లీడ్స్

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. తులసికోట గారూ, పాప గురించి మీరు రాసింది ఆయనకి, అత్తగారికి ఇద్దరికీ చదివి వినిపించాను. స్లీపింగ్ బ్యాగ్ ఈ రోజే ఆర్డరు పెట్టాం, హీటింగ్ 17 దగ్గర వదిలేస్తున్నాం.

నిన్న షాపుకి మళ్ళీ వెళ్ళి మూల నలిపి వెలుతురుకి పెట్టి చూశాను. 90 పౌండ్లదానికి నూగు స్పష్టంగా కనిపించింది. బ్రిటిష్ ఊలువి రెండు సింగిల్స్ తీసుకుంటున్నాం, 300 ఆయనకి, 500 నాకు. రెండూ కలిపి 250 లోపే వచ్చాయి. అత్తగారికి మా పాత పాలిస్టర్‌దే ఉంచుతాం, ఆవిడకి చెమట పట్టదు, ఎక్కువ వెచ్చదనం కావాలి.

రెండు సందేహాలు మిగిలాయి. వేసవిలో నాది దాచడం ఎలా? మా ఇంట్లో గోధుమరంగు చిన్న రెక్కల పురుగులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. రెండోది, నల్లమల గారూ, మా ఆడపడుచు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వస్తోంది. కవర్లు అక్కడ చవకగా దొరుకుతాయంటోంది, ఇక్కడి సింగిల్‌కి పడతాయా?

పెన్నాతీరం, న్యూజెర్సీ

ఆ రెక్కల పురుగు ఊలు తినదండీ, దాని పిల్ల తింటుంది. చెమట, నూనె మరకలున్న చోటే ముందు పడుతుంది. అందుకని దాచేముందు శుభ్రంగా గాలికి ఆరేసి, అంచులూ కుట్లూ వాక్యూమ్ చేసి, నూలు సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టండి. గాలి పీల్చేసే ప్లాస్టిక్ సంచుల్లో నెలల తరబడి నొక్కి పెడితే ఊలు మళ్ళీ లేవదు. లావెండర్, దేవదారు చెక్కలు వాసనకి బాగుంటాయి గానీ పట్టిన పురుగుని చంపవు. నిజంగా పట్టిందని అనుమానం వస్తే ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవర్ విప్పకండి, లేకపోతే నీరు పట్టేస్తుంది. సింగిల్ కాబట్టి పెద్ద ఫ్రీజర్‌లో పడుతుంది. ఇంకో మాట, మీ ఆయనది ఏడాదంతా వాడుకోవచ్చు, దాచక్కర్లేదు. రోజూ కదిలే దానికి పురుగు పట్టదు.

నల్లమల, మ్యూనిక్

కవర్ పడుతుంది. ఇక్కడి 135 ఇంటూ 200, మీ సింగిల్ ఒకటే సైజు. 155 ఇంటూ 220 మాత్రం తేవద్దని చెప్పండి. ఇంకో చిక్కుంది: ఇక్కడ సెట్‌గా కొంటే దిండు గలీబు 80 ఇంటూ 80 చదరంగా వస్తుంది, మీ 50 ఇంటూ 75 దిండుకి అది సంచిలా వేలాడుతుంది. గలీబులు లేకుండా కవర్ ఒక్కటే విడిగా అమ్మేవి దొరుకుతాయి, అవి తెమ్మనండి. జిప్పు ఉన్నవి చూసుకోమనండి, గుండీలవి కాళ్ళ దగ్గర తెరుచుకుంటుంటాయి.